డేలిలీ కుదురును విడదీయాలి

డేలిలీ అనే పూలమొక్క గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. దాన్ని ఒకసారి నాటితే ఇక పట్టించుకోనక్కరలేదన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. న్యూజెర్సీలో మా పెరట్లో ‘స్టెల్లా డి ఓరో’ రకం ఉంది. మొదటి మూడేళ్లు విరగబూసింది. అయిదో ఏటికి ఆకు గుబురుగా ఉన్నా పూలకాడలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే వచ్చాయి. ఆగస్టు చివర్లో కుదురంతా పెకలించి నీళ్లగొట్టంతో మన్ను కడిగాను. పిల్లిపీచర వేళ్లలా ఉబ్బిన వేళ్లు ఒకదానికొకటి పెనవేసుకుని, కొత్త పిలకలకు చోటే లేదు పాపం! ముక్కకు రెండు మూడు పిలకలు ఉంచి, ఆకును జానెడు మిగిల్చి కోసి, అడుగున్నర ఎడంగా నాటాను. పిలక మొదలు అంగుళం లోతు దాటకూడదు. మరుసటి జూన్‌లో బంగారు రంగు పూలు మళ్లీ బారులు తీరాయి.

దీని పువ్వు ఒక్క రోజే ఉంటుంది. దీని శాస్త్రీయ నామం హెమెరోకాలిస్; గ్రీకు మాటల నుంచి వచ్చిన ఆ పేరుకు అర్థం కూడా అదే, ఒక రోజు అందం. పొద్దున్నే వాడిన పూలు తుంచడం నాకు ఎంతో ఇష్టమైన పని. పక్కనున్న పియోనీ అనే మరో పూలమొక్కను మాత్రం కదపను, దానికి స్థానం మారితే గిట్టదు.

వ్యాసంలో రాయని ముఖ్యమైన సంగతి ఒకటి. పిల్లిని పెంచుకునే ఇళ్లలో డేలిలీ వద్దు. ఆకు కొరికినా, పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. దయచేసి ఈ హెచ్చరికను వ్యాసంలో చేర్చండి.