రద్దు బటన్ కింద ఏముంది?

సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్న మా నల్లగొండ దోస్తుల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘ఆర్కిటెక్చర్, అంటే సాఫ్ట్‌వేర్ లోపలి కట్టడం, వాడే జనానికి కనిపించదు. వాడకంలో సులువు అనేది స్క్రీన్ సంగతి. ముందు పని నడవనీ, సులువు చివర్లో డిజైనర్ చూసుకుంటడు’ అని. రెండో ముక్కలో సగం నిజముంది. మిగతాదంతా తప్పు, పైగా జనానికి నష్టం చేసే తప్పు.

‘కనిపించదు’ అంటున్నారు. పోయిన నెల దేవరకొండలో ఒక ఆన్‌లైన్ సెంటర్లో నా పక్కన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. తండా నుంచి బస్సెక్కి వచ్చాడు. నాలుగు పేజీల దరఖాస్తు నింపి ఫీజు దగ్గరికి వచ్చేసరికి తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. సెంటర్ పిల్లగాడు ‘రద్దు’ నొక్కి మళ్లీ కట్టాడు. పైసలు రెండుసార్లు కట్ అయినయి. “వద్దని నొక్కితివి గద బిడ్డా?” అని ఆయన అడిగితే పిల్లగాడికి ఏం చెప్పాలో తెలియలేదు. జరిగింది ఇది: ఆ బటన్ తెరను మొదటి పేజీకి తిప్పింది, అంతే. సర్వర్‌కు ఆ మాట చేరనే లేదు, అది మొదటి చెల్లింపును ముగించేసింది.

నిజంగా రద్దు కావాలంటే, పని నడుస్తుండగానే ‘ఆపు’ అనే మాట వినే దారి లోపల ఉండాలి. అప్పటిదాకా రాసినదాన్ని వెనక్కి తీసుకోగలగాలి. ఆపడం కుదరని చెల్లింపులకైతే దరఖాస్తుకు ముందే ఒక నంబర్ ఇచ్చి, అదే నంబర్‌తో రెండోసారి వచ్చినదాన్ని కొత్త చెల్లింపుగా తీసుకోకుండా సర్వర్‌ను కట్టాలి. వీటిలో ఒక్కటీ తెర మీద గీసేది కాదు.

‘స్క్రీన్ సంగతి’ అనే నమ్మకానికి మూలం ఉంది. 1979లో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం ‘పార్క్’లో ట్రిగ్వే రీన్‌స్కాగ్ మోడల్-వ్యూ-కంట్రోలర్ పద్ధతి తెచ్చాడు. తెరనూ లోపలి లెక్కలనూ విడదీసే ఆ పద్ధతితో రంగులు, అక్షరాల సైజు, బటన్ల చోటు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కానీ ఆ విడదీత ఒక్కటే చాలదని 2001లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో లెన్ బాస్, బానీ జాన్ వివరంగా చూపారు. రద్దు, అన్‌డూ (చేసినదాన్ని వెనక్కి తీసుకోవడం), పని ఎంతదాకా వచ్చిందో చెప్పడం లాంటివాటికి ఆర్కిటెక్చర్‌లోనే చోటుండాలి.

తెలుగు పేర్ల సంగతీ అంతే. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కు (అక్షరం, సున్న, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ ఒక కోడే) 3 బైట్లు పడతాయి. ‘వెంకటేశ్వర్లు’లో అలాంటివి 13, అంటే 39 బైట్లు. ఇంగ్లీషు పేర్లనే మనసులో పెట్టుకుని 30 బైట్ల గడి కట్టినచోట ఆ పేరు పట్టదు. ఫాంట్ ఎంత అందంగా మార్చినా పట్టదు.

ఇక ‘చివర్లో’. పాత విలువ మీదే కొత్తది రాసేసే డేటాబేస్ కట్టుకున్నాక ‘వెనక్కి’ బటన్ పెట్టమంటే, పాతది ఎక్కడి నుంచి తెస్తారు?

ఆ మెసేజ్ పంపే దోస్తులారా, కొత్త ప్రాజెక్టు మొదటి మీటింగ్‌లోనే ఈ మూడూ అడగండి: నింపుతుండగా నెట్ పోతే నింపినదంతా ఉంటదా? రద్దు నొక్కితే సర్వర్‌లో ఏది ఆగుతది? రెండుసార్లు నొక్కితే పైసలు ఎన్నిసార్లు కట్ అయితయి?