బండి ఆపుకునే చోటు కూడా వారసత్వమే

ఆదివారం ఉదయం లండన్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి షికారుకు బయలుదేరిన మోటార్‌సైకిళ్లలో కొన్ని తప్పకుండా స్టోన్‌బ్రిడ్జ్ దారి పడతాయి. వెంబ్లీకి దగ్గరలో, నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన ఉన్న ఏస్ కేఫ్ ముందు అవి వరుసగా వచ్చి ఆగుతాయి. అక్కడ చూడదగ్గ కొండ లేదు, నది లేదు, బండి నడిపేవారికి ఇష్టమైన మలుపుల రోడ్డు కూడా లేదు. అయినా దేశాలు దాటి వచ్చేవారున్నారు. ఎందుకని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు, వేగానికి పుట్టిల్లు అదే అని. ఈ జవాబు తప్పని, దీన్నే పట్టుకుని వేలాడడం వల్ల ఇలాంటి చోట్లను కాపాడుకోవడానికి ఉన్న అసలు కారణం మరుగున పడిపోతోందని నా వాదన.

కేఫ్ కథ బైకర్లకు కంఠతా వచ్చినదే. 1938లో లారీ డ్రైవర్ల కోసం తెరిచారు. యుద్ధకాలపు బాంబు దాడిలో దెబ్బతింటే 1949లో మళ్లీ కట్టారు. 1969లో మూతపడి టైర్ల దుకాణమైంది, 2001లో మళ్లీ పూర్తిస్థాయి కేఫ్ అయింది. జూక్‌బాక్స్‌లో నాణెం వేసి పాట ముగిసేలోగా ముందున్న రౌండబౌట్ చుట్టి రావాలన్న పందెం గురించి, గంటకు 100 మైళ్లు అందుకున్న కుర్రాళ్లను ‘టన్-అప్ బాయ్స్’ అనడం గురించి వినని బైకర్ ఉండడు. నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజిన్ బిగించిన ‘ట్రైటన్’ బండ్లు, కిందికి దించిన క్లిప్-ఆన్ హ్యాండిళ్లు, వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు అప్పటి సంగతులే. అలాంటి బండ్లకు వచ్చిన ‘కేఫ్ రేసర్’ అన్న పేరు ఇవాళ కంపెనీల కేటలాగుల్లోకి ఎక్కింది.

ఈ కథలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ప్రశ్న ఒకటుంది. ఆ కుర్రాళ్లు మరెక్కడ కూర్చోగలిగేవారు? యాభైల చివరికి బ్రిటన్‌లో పనికి వెళ్లే పద్దెనిమిదేళ్లవాడి చేతిలో జీతం ఉంది, వాయిదాల మీద కొన్న బండి ఉంది, 1960తో నిర్బంధ సైనిక సేవకు పిలుపులు కూడా ఆగిపోయాయి. లేనిదల్లా కూర్చునే చోటు. పబ్బులు చట్టం విధించిన వేళకు తలుపులు మూసేవి, పద్దెనిమిదేళ్లు నిండనివారికి మద్యం పోసేవి కావు. తోలు జాకెట్టు వేసుకొచ్చినవాణ్ని చాలా డ్యాన్స్ హాళ్లు గుమ్మంలోనే ఆపేసేవి. రాత్రంతా దీపం వెలిగే చోటు, ఒక కప్పు టీ కొన్నవాణ్ని లేచి వెళ్లమనని చోటు లారీలవాళ్ల కేఫే. వేగం ఏ ఖాళీ రోడ్డు మీదనైనా దొరుకుతుంది. ఒంటికి నూనె మరకలున్నా సరే కూర్చోనిచ్చే బల్ల మాత్రం అంత తేలికగా దొరకదు. వారిని ఏస్‌కు చేర్చినది ఆ బల్లేనని నేను నమ్ముతాను.

నా నమ్మకానికి బలమైన ఆధారం ఒక మతాచార్యుడి అనుభవంలో ఉంది. తూర్పు లండన్‌లోని హాక్నీ విక్‌లో, 1959లో మొదలైన కారణంగా ‘59 క్లబ్’ అని పేరు పెట్టుకున్న ఒక చర్చి యువజన సంఘం ఉండేది. అక్కడి వికార్ బిల్ షెర్గోల్డ్ స్వయంగా మోటార్‌సైకిల్ నడిపేవారు. బైకర్లను చర్చిలో ప్రార్థనకు పిలవాలని 1962లో ఆయనకు తోచింది. తన వృత్తిని చెప్పే తెల్ల కాలరును మెడకు చుట్టుకున్న మఫ్లర్ కింద దాచుకుని ఏస్ కేఫ్‌కు బయలుదేరారు. ముందు ఆగి ఉన్న బండ్ల బారును, గుంపును చూసేసరికి ధైర్యం చాలక, థ్రాటిల్ తిప్పి ఆగకుండా సాగిపోయానని తరువాత ఆయనే చెప్పుకున్నారు. రెండోసారి వెళ్లేటప్పుడు కూడా, మహా అయితే పక్క కాలువలో పడేస్తారులే అని మనసు గట్టి చేసుకునే వెళ్లారు. జరిగింది వేరు. కుర్రాళ్లు చుట్టూ చేరారు, మాట కలిపారు, ఆయన తెచ్చిన కరపత్రాలు అందుకున్నారు. పిలిచిన రోజున చర్చికి వచ్చారు, బండ్లను లోపలికి తెచ్చి నిలిపి ఆశీర్వాదం పొందారు. ఆ సంఘపు మోటార్‌సైకిల్ విభాగం అలా మొదలై, దేశమంతటా పేరున్న బైకర్ల సంఘంగా పెరిగింది.

ఆయన వారిని సంస్కరించడానికి ఉపన్యాసం ఇవ్వలేదు. వారు కూర్చున్న చోటికి తానే వెళ్లారు. అలా వెళ్లడానికి ఒక చోటంటూ ఉండబట్టే అది సాధ్యమైంది. ఆ కేఫ్ అప్పటికే మూసేసి ఉంటే ఆయన ఎవరిని, ఎక్కడ వెతికి పట్టుకునేవారు? రెండేళ్ల తరువాత, 1964లో క్లాక్టన్, బ్రైటన్ తీరాల్లో స్కూటర్ల మీద తిరిగే మాడ్స్‌కు, తోలు జాకెట్ల బైకర్లయిన రాకర్లకు మధ్య జరిగిన గొడవలను పత్రికలు ఎంత పెంచి రాశాయో సమాజశాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ 1972లో విడమరిచి చూపారు. గుంపును దూరం నుంచి చూసినవారు భయాన్ని ప్రచారం చేశారు, బల్ల దగ్గర కూర్చుని చూసినవారు మనుషుల గురించి చెప్పారు. ఆ రెండో సాక్ష్యానికే నేను విలువిస్తాను.

బైకర్లు గుమిగూడితే చుట్టుపక్కల ఇళ్లకు మోత, రోడ్డు మీద ప్రమాదం అని అభ్యంతరం చెప్పేవారి మాట కొట్టివేయదగ్గది కాదు. బ్రిటన్ రోడ్ల మీద రాకపోకల్లో మోటార్‌సైకిళ్ల వాటా సుమారు ఒక శాతమే అయినా, మృతుల్లో దాదాపు ఐదో వంతు బైకర్లే. కానీ వేగాన్ని అదుపు చేయడానికి చట్టం ఎప్పుడూ వెనుకాడలేదు. నేర్చుకునేవారు 250 సీసీ దాటిన బండి నడపరాదన్నది 1961లో వచ్చింది, గంటకు 70 మైళ్ల పరిమితి 1965 చివరలో వచ్చింది, హెల్మెట్ 1973లో తప్పనిసరైంది. వీటిలో ఏ ఒక్కదానికీ కేఫ్ మూయవలసిన అవసరం లేకపోయింది.

అసలు వారాంతపు ప్రయాణం ఎలా సాగుతుందో గమనించండి. బండి మీద ఉన్నంతసేపూ మనిషి ఒంటరివాడే. హెల్మెట్ లోపల మాట లేదు, పక్కన వెళ్లేవాడితో చేయి ఊపడం తప్ప పరిచయం లేదు. బండి ఆపి, గ్లోవ్స్ తీసి, చల్లారుతున్న ఇంజిన్ టిక్కుటిక్కుమంటుండగా పక్క బండివైపు నడిచినప్పుడు సంభాషణ మొదలవుతుంది. ఏ సంవత్సరం మోడల్, కార్బురేటర్ అదేనా మార్చారా, ఆయిల్ కారుతోందా అన్న మూడు ప్రశ్నలు చాలు. అరవై ఏళ్ల మెకానిక్, పాతికేళ్ల బ్యాంకు ఉద్యోగి పరిచయ వాక్యాలేవీ లేకుండా అరగంట మాట్లాడుకుంటారు. వయసు, జీతం, చదువు అడగకుండా అపరిచితులను కలిపే చోట్లు నగరంలో ఎన్ని మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సర్రేలోని బాక్స్ హిల్ దిగువనైనా, కంబ్రియాలో లూన్ నది మీది మధ్యయుగపు డెవిల్స్ బ్రిడ్జి దగ్గరైనా వారాంతాల్లో బండ్లు చేరేది ఇందుకే.

నన్ను కలవరపెట్టేది బైకర్ల భవిష్యత్తు ఒక్కటే కాదు. ఏమీ పెద్దగా కొనకుండా, ఎవరి అనుమతీ అడగకుండా కాసేపు నిలబడగల చోట్లను నగరాలు ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటున్నాయి. 2014 చట్టం కింద వచ్చిన బహిరంగ స్థల రక్షణ ఉత్తర్వులను ఇంగ్లండ్‌లోని కొన్ని స్థానిక కౌన్సిళ్లు వాహనాల గుంపులను చెదరగొట్టడానికి వాడుతున్నాయి. అదే దేశంలో ఇందుకు విరుగుడు కూడా చట్టంలోనే ఉంది. 2011 నాటి లోకలిజం చట్టం ప్రకారం స్థానికులు ఒక పబ్బునో దుకాణాన్నో సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయించవచ్చు. యజమాని అమ్మదలిస్తే, దాన్ని కొనే ప్రయత్నానికి వారికి ఆరు నెలల గడువు దక్కుతుంది. పాత పబ్బు, సంగీత వేదిక లాంటి చోటు పక్కన కొత్తగా ఇళ్లు కట్టేవారే శబ్దం సమస్యకు ఏర్పాట్లు చూసుకోవాలన్న సూత్రాన్ని 2018లో జాతీయ ప్రణాళికా విధానంలో చేర్చారు. ఈ రెంటినీ బైకర్లు చేరే చోట్లకు పట్టుబట్టి వర్తింపజేయాలి. వారసత్వమంటే గోడల వయసు ఒక్కటే అనుకునే అధికారికి ఏస్ కేఫ్‌లో కనిపించేది 1949 నాటి మామూలు కట్టడం మాత్రమే. అక్కడ అరవై ఏళ్ల కింద టీ తాగిన మనిషి తన మనవడితో కలిసి మళ్లీ వచ్చి కూర్చోవడం ఏ కొలతకూ అందదు. అందుకే వాడుకను లెక్కలోకి తీసుకునే చట్టాలు కావాలి.

కేఫ్ మూతపడిన పాతికేళ్లకు, 1994లో, మార్క్ విల్స్‌మోర్ అనే మాజీ పోలీసు, తానూ బైకరే, పాతవారందరినీ మళ్లీ కలుద్దాం రమ్మని పిలుపునిచ్చారు. అప్పటికి ఆ కట్టడంలో టైర్లు అమ్ముతున్నారు. పాత కౌంటరు లేదు, రాత్రంతా వెలిగే దీపం లేదు. వేలాది మంది బండ్ల మీద వచ్చారు.