సవరణ: బ్రిటన్ భృతి పని, మన ఉపాధి పని ఒకటి కాదు

మొన్నటి పోస్టులో బ్రిటన్‌లో నిరుద్యోగ భృతి తీసుకునేవాళ్ళ చేత చేయించే పనీ మన ఉపాధి పనీ ఒకటే అని ఉండాది గదా, ఆ లైను తీసేశా. అక్కడ 2011లో పెట్టింది మ్యాండేటరీ వర్క్ యాక్టివిటీ (అంటే తప్పనిసరి పని, 2016లో ఎత్తేశారు), నాలుగు వారాలు, వారానికి 30 గంటల దాకా, జీతం ఉండేది కాదు భృతే, రానంటే అదీ కట్ అయ్యేది. మన 2005 ఉపాధి హామీ చట్టంలో రాసుకుంది మాత్రం, పని అడిగేది కూలోళ్ళు, 15 రోజుల్లో చూపించకపోతే గవర్నమెంటే ఎదురు భృతి ఇవ్వాలని. పొదిలి పక్క ఎండాకాలం చెరువు పూడిక తీసేటప్పుడు మేటు (పని చూసే మనిషి) ఫోన్లో ఫోటో కొట్టి మస్టరు, అంటే హాజరు, వేస్తే కొలతని బట్టి కూలి పడద్ది (ఎప్పుడు పడద్దనేది వేరే గోల). ఇంక ఆ బ్రిటన్ పని గురించి 'పని అలవాటవుద్ది గదా' అని నాతో అన్న అన్నకి చెప్పేదేందంటే, 2012లో వాళ్ళ గవర్నమెంటే లెక్కేయిస్తే ఆ పనికి పంపినందువల్ల ఉద్యోగం దొరికే ఛాన్సేం పెరగలేదని తేలింది. అట్టాంటప్పుడు బలవంతం దేనికబ్బా అన్న మాట మాత్రం పోస్టులో అట్నే ఉంచా.