వాటా అడిగే వకీలు వద్దు

‘గెలిస్తేనే ఫీజు’ తీసుకునే న్యాయవాది దొరికితే ప్రమాద బాధితులకు నిశ్చింత అని రోడ్డు ప్రమాద పరిహారంపై మీరు వేసిన వ్యాసంలో రాశారు. ఇంగ్లండ్ సొలిసిటర్ల (అక్కడి న్యాయవాదుల) విషయంలో సరే, అక్కడ చట్టమే ఒప్పుకుంటుంది. మన దగ్గర పరిహారంలో వాటా మాట్లాడుకోవడం న్యాయవాదులను నియంత్రించే బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం.

అయినా జరుగుతోంది. పూతలపట్టు దగ్గర మా బావమరిదిని లారీ గుద్దింది. తిరుపతి ఆస్పత్రిలో కాలికి రాడ్డు వేసిన మర్నాడే ఒక మధ్యవర్తి ఖాళీ వకాలతుతో (వకీలుకు కేసు అప్పగించే పత్రంతో) మంచం పక్కన ప్రత్యక్షమయ్యాడు. పళ్లు కూడా తెచ్చాడు లెండి! వచ్చే పరిహారంలో మూడో వంతు ఇస్తే చాలన్నాడు. మా అత్తగారు సంతకం పెట్టబోతుంటే ఆపాను.

చివరికి చిత్తూరులో కుదుర్చుకున్న న్యాయవాది మొదట అడిగింది డబ్బు కాదు. ఎఫ్ఐఆర్ నకలు, లారీ బీమా వివరాలు, డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు. మావాడిది తాపీ పని. వైకల్య ధ్రువపత్రంలో ఉన్న శాతం ఒక్కటే చాలదు, మోకాలు వంగనివాడు గోడ ఎలా కడతాడో డాక్టరు సాక్ష్యంతో పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు చూపించాలి అన్నాడాయన. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది.

2022 ఏప్రిల్ నుంచి అమలైన మోటారు వాహనాల చట్టం సవరణ, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పరిహారానికి దరఖాస్తు వేయాలంటోంది. వ్యాసంలో ఆ మాటే లేదు. ఫీజు కట్టలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. మహిళలకైతే అక్కడ ఆదాయ పరిమితి కూడా లేదు.