పిల్లల ‘కరోనా కిట్’ సందేశాన్ని నమ్మి మందులు వేయకండి

విశాఖపట్నంలో గాజువాక నుంచి మధురవాడ దాకా అపార్ట్‌మెంట్ల, బడుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ మళ్లీ తిరుగుతోంది. పిల్లలకు కరోనా సోకిందన్న అనుమానం రాగానే, వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగకముందే, అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్, స్టెరాయిడ్ సిరప్ కలిపి అయిదు రోజులు వాడాలనీ, మూడో రోజున సీటీ స్కాన్ తీయించాలనీ, రోజుకు మూడుసార్లు ఆవిరి పట్టాలనీ, తల్లికి పాజిటివ్ వస్తే బిడ్డకు పాలు మాన్పించాలనీ, జ్వరం తగ్గితే ఇక భయం లేదనీ దాని సారాంశం. పంపేవారికి దురుద్దేశం ఉందని నేను అనుకోను. 2021 వేసవిలో ఆక్సిజన్ పడకల కోసం జనం పెట్టిన పరుగులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు కాబట్టి, ఆలస్యం చేయకూడదన్న తపనతోనే చాలామంది దీన్ని పంచుతున్నారు. అయినా అందులో చెప్పినవి దాదాపు అన్నీ పిల్లలకు పనికిరానివి, కొన్ని నేరుగా హాని చేసేవి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మొదటి రోజే స్టెరాయిడ్ వేయమనే సలహా. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కరోనా రోగుల ప్రాణాలు కాపాడగలదని 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ అనే పరిశోధన తేల్చిన మాట నిజమే. అయితే ఆ మేలు కనిపించింది ఆక్సిజన్ గానీ వెంటిలేటర్ గానీ అవసరమైన రోగుల్లోనే. ఆక్సిజన్ అక్కర్లేని వారికి దానివల్ల ఏ ప్రయోజనమూ కనబడలేదు. ఎందుకంటే మొదటి రోజుల్లో శరీరం వైరస్‌తో పోరాడుతూ ఉంటుంది, స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణచివేస్తుంది. జబ్బు ముదిరి, రోగనిరోధక ప్రతిస్పందనే అదుపు తప్పి ఊపిరితిత్తులను దెబ్బతీసే దశలో అలా అణచడం చికిత్స అవుతుంది. ముందుగానే అణచివేస్తే వైరస్‌కు దారి వదిలినట్టవుతుంది. కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ 2021 జూన్‌లో పిల్లల చికిత్సపై ఇచ్చిన మార్గదర్శకాలు, లక్షణాలు లేనివారికీ స్వల్ప లక్షణాలున్నవారికీ స్టెరాయిడ్లు హానికరమని స్పష్టంగా చెప్పాయి. అదే ఏడాది మన కళ్లెదుటే బ్లాక్ ఫంగస్ విజృంభించినప్పుడు, అదుపులో లేని చక్కెర వ్యాధితో పాటు విచక్షణ లేని స్టెరాయిడ్ వాడకం కూడా దానికి కారణమని వైద్యులు హెచ్చరించారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పోర్టు దుమ్ము పడే పాతనగరంలోనూ, గాజువాక వైపునా పిల్లికూతలతో, ఆయాసంతో బాధపడే పిల్లలున్న ఇళ్లలో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ పాత సీసా మిగిలి ఉండవచ్చు. దాన్ని తీసి వేయకూడదు. అలాగని స్టెరాయిడ్ అన్న మాటకు భయపడి, ఉబ్బసం ఉన్న బిడ్డకు వైద్యులు రోజూ వాడమన్న ఇన్‌హేలర్‌ను ఆపకూడదు, ఆపితే ఆయాసం తిరగబెడుతుంది.

అజిత్రోమైసిన్ బాక్టీరియా మీద పనిచేసే యాంటీబయాటిక్ కాబట్టి వైరస్‌ను అది ఏమీ చేయదు. నులిపురుగుల వంటి పరాన్నజీవులకు వాడే ఐవర్‌మెక్టిన్‌ను 2021 సెప్టెంబరులో పెద్దల చికిత్స మార్గదర్శకాల నుంచే తొలగించారు. పైగా 15 కిలోల లోపు పిల్లల్లో దాని భద్రత నిర్ధారణ కాలేదు. ఒకప్పుడు బ్లాకులో కొన్న రెమ్‌డెసివిర్ అనే వైరస్ నిరోధక ఇంజక్షన్‌ను కూడా పైన చెప్పిన పిల్లల మార్గదర్శకాలు 18 ఏళ్లలోపు వారికి సిఫారసు చేయలేదు.

మూడో రోజు సీటీ స్కాన్ తీయించినా స్వల్ప లక్షణాలున్న బిడ్డకు చేసే చికిత్స మారదు. ఎదిగే శరీరానికి రేడియేషన్ ముప్పు పెద్దలకన్నా ఎక్కువ, చిన్న పిల్లలను కదలకుండా ఉంచడానికి కొన్నిసార్లు మత్తు కూడా ఇవ్వవలసి వస్తుంది. శ్వాస పరిస్థితి దిగజారుతున్నప్పుడు స్కాన్ అవసరమా కాదా అన్నది చూస్తున్న వైద్యులే నిర్ణయించాలి.

మరి ఇంట్లో చేయవలసింది ఏమిటి? జ్వరానికి పారాసిటమాల్ చాలు, కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో. చాలామంది పొరపడేది ఈ కొలత దగ్గరే. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకే సాధారణంగా 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 125 గానీ 250 గానీ ఉంటుంది. సిరప్ అనుకుని చుక్కల మందు అయిదు మిల్లీలీటర్లు పోస్తే పది కిలోల బిడ్డకు 500 మిల్లీగ్రాములు, అంటే గరిష్ఠ మోతాదుకు మూడు రెట్ల పైన, లోపలికి పోతుంది. అందుకే సీసా మీది అంకె చదవకుండా మందు పోయకూడదు. వైరల్ జ్వరాల్లో పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రేయీ సిండ్రోమ్‌కు అది దారితీయవచ్చు.

మందుకన్నా ముఖ్యమైనది కనిపెట్టి ఉండడం. బిడ్డ నిద్రలోనో ప్రశాంతంగా ఉన్నప్పుడో నిండు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు శిశువుకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఒకటి నుంచి అయిదేళ్ల వరకు 40, ఆపైన 30 లేదా అంతకు మించితే అది వేగంగా ఊపిరి తీయడమే. డొక్కలు ఎగరేయడం, మూలగడం, పెదవులు నీలమెక్కడం, పాలు తాగలేకపోవడం, ఎంత లేపినా మగతగా ఉండడం, మూత్రం బాగా తగ్గిపోవడం, ఆక్సిమీటరులో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో ఉంచుకోకూడదు. ఆక్సిమీటరు చిన్న వేలికి సరిగా అమరకపోతే అంకె తప్పు చూపుతుంది కాబట్టి, అంకె బాగానే ఉన్నా బిడ్డ ఆయాసపడుతుంటే బిడ్డనే నమ్మాలి.

మరిగే నీళ్ల గిన్నె దగ్గర పిల్లల్ని కూర్చోబెడితే వైరస్ చావదు, ఒళ్లు కాలే ప్రమాదం మాత్రం ఉంటుంది. తల్లిపాలు మాన్పించనే కూడదు. తల్లి మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటినుంచీ చెబుతోంది.

జ్వరం తగ్గితే భయం లేదన్న మాటకు కొంత వివరంగా జవాబివ్వాలి. చాలామంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు, నిజమే. కానీ 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ వైద్యులు మొదట గుర్తించిన మిస్-సీ అనే, ఒంట్లో పలు అవయవాలకు ఒకేసారి వాపు వచ్చే అరుదైన సమస్య, కరోనా వచ్చిపోయిన రెండు నుంచి ఆరు వారాలకు బయటపడుతుంది. అసలు కరోనా వచ్చినట్టు ఇంట్లో ఎవరికీ తెలియకపోయి కూడా ఉండవచ్చు. మూడు రోజులకు మించిన జ్వరం, కళ్లు ఎర్రబడడం, పెదవులూ నాలుకా ఎర్రగా మారడం, ఒంటిమీద దద్దుర్లు, తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, కాళ్లూ చేతులూ చల్లబడడం దాని లక్షణాలు. గుండె కండరం దెబ్బతిని రక్తపోటు పడిపోవచ్చు. ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల ఇంజక్షన్‌తో పాటు దీనికి వాడే ప్రధానమైన మందు స్టెరాయిడే. అయితే ఆసుపత్రిలో, గుండె స్కాన్లూ రక్తపరీక్షలూ చూసుకుంటూ ఇస్తారు. వాట్సాప్ కిట్‌లో దాన్ని చేర్చినవారికి ఈ తేడా తెలియదు.

జ్వరమల్లా కరోనాయే అనుకోవడం మరో ముప్పు. వానాకాలంలో నగరంలో డెంగీ, పాడేరు, అరకు వైపు మలేరియా ఉంటాయి కాబట్టి ఆ పరీక్షలు వదలకూడదు. సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి, పుట్టుకతో వచ్చిన గుండెజబ్బు, క్యాన్సర్ చికిత్స వంటివి ఉన్న పిల్లలను స్వల్ప జ్వరానికే వైద్యులకు చూపించాలి. పరిస్థితి విషమిస్తే 108కి ఫోన్ చేసి, కేజీహెచ్ (కింగ్ జార్జి ఆసుపత్రి) వంటి పిల్లల అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఇప్పటికే వేసిన మందుల సీసాలన్నీ వెంట తీసుకువెళ్లాలి. స్టెరాయిడ్ వేసి ఉంటే ఆ సంగతి మొదటే చెప్పాలి, ఎందుకంటే అది జ్వరాన్ని అణచి అసలు జబ్బును కొన్నాళ్లు కనబడనివ్వదు.