టికెట్ డబ్బులు వసూలు కాకపోయినా పర్లేదు

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మళ్ళీ మొదలైంది. "క్రిస్మస్ సెలవల్లో పిల్లల్ని అమ్యూజ్‌మెంట్ పార్కుకి తీసుకెళ్దాం, అమ్మావాళ్ళు కూడా వస్తారు, వదినా నువ్వు టికెట్లు చూడు" అని ఇక్కడే బెంగళూరులో, ఎలక్ట్రానిక్ సిటీలో ఉండే మా ఆడపడుచు వాయిస్ మెసేజ్. మా ఆయన అర నిమిషంలో బొటనవేలు గుర్తు పెట్టేశారు. ఆయనకేం పోయింది? టికెట్లు చూడాల్సింది నేను, బ్యాగులు సర్దాల్సింది నేను, మధ్యాహ్నం రెండింటికి చిన్నోడు నిద్రకొచ్చి నేల మీద పడి దొర్లితే ఎత్తుకోవాల్సిందీ నేనే. అందుకే ఈసారి ఖరాఖండిగా రాసేశా, డిసెంబర్ ఆఖరి వారంలో నేను రాను, మీరు వెళ్ళి వీడియో కాల్ చెయ్యండి అని. గ్రూపులో రోజంతా ఎవరూ ఉలకలేదు పలకలేదు. తర్వాత మామయ్యగారు గుడ్ మార్నింగ్ పువ్వు పెట్టారు.

పోయినేడు ఏం జరిగిందో చెబితేగానీ నా మొండితనం అర్థం కాదు. పార్కు పేరు చెప్పను, తప్పు వాళ్ళది కాదు, మాదే. క్రిస్మస్ తర్వాత శనివారం, అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, ఏడేళ్ళ పెద్దది, మూడున్నరేళ్ళ చిన్నోడు. టికెట్లు, ఈత బట్టలు, లాకరు, తిండి, పెట్రోలు అన్నీ కలిపి 11 వేలు దాటింది. ఇంట్లో ఏడున్నరకి బయల్దేరితే పదిన్నరకి పార్కింగ్‌లో ఉన్నాం. గేటు దగ్గర బయటి తిండి లోపలికి వద్దన్నారు. అత్తయ్య తెల్లారుజామున నాలుగింటికి లేచి కలిపిన పులిహోర డబ్బా అది. ఆవిడ మొహం చూడలేక అందరం మళ్ళీ కారు దగ్గరికెళ్ళి, డిక్కీ తెరిచి, నిలబడి తినేశాం. పదకొండింటికే భోజనం అయిపోయింది.

లోపల మొదటి రైడ్ దగ్గరే ఎత్తు కొలిచే బోర్డు. ఇది మనవాళ్ళు చాలామంది ముందు చూసుకోరు. పార్కుల్లో పిల్లల లెక్క వయసుతో కాదు, ఎత్తుతో. మేం వెళ్ళిన చోట 85 సెంటీమీటర్లు దాటితే టికెట్ కొనాలి, పెద్ద రైడ్లు ఎక్కాలంటే 140 ఉండాలి. మా వాడు 97, అమ్మాయి 121. అంటే ఇద్దరికీ టికెట్ ఉంది, ఇద్దరికీ పెద్ద రైడ్ లేదు. పెద్దది ఊరుకోలేదు. రబ్బరు బ్యాండు తీసి, జుట్టంతా నడినెత్తికి లాక్కుని, పిలక కట్టుకుని మళ్ళీ బోర్డు కింద నిలబడింది. అక్కడున్న కుర్రాడు ఏమీ అనలేదు పాపం, చెయ్యి పెట్టి పిలకని మెల్లగా కిందికి నొక్కాడు. అంతే, గంటసేపు ఏడుపు.

చిన్నపిల్లల రైలు దగ్గర నలభై నిమిషాల లైను. రైలు తిరిగింది మూడు నిమిషాలు. మామయ్యగారు ఏదీ ఎక్కనని ముందే చెప్పారు, అయినా ఆయనకి టికెట్ కొన్నాం. ఆయన ఒక బెంచీ చూసుకుని సాయంత్రం దాకా మా చెప్పులకి కాపలా ఉన్నారు.

అసలు కథ నీళ్ళ దగ్గర. లైన్లలోనే మూడున్నర అయింది. పిల్లలు అలసిపోయారు, చిన్నోడికి నిద్ర లేదు, వెళ్ళిపోదాం అన్నా. మా ఆయన నోట ఆ మాట వచ్చింది, "ఇంత డబ్బు పెట్టి అలల కొలను చూడకుండా పోతామా?" సరే దిగాం. డిసెంబర్‌లో మూడున్నర అంటే ఎండ పక్కకి ఒరిగిపోయి కొలను సగం నీడలో ఉంది. పది నిమిషాలకి చిన్నోడి పెదాలు నేరేడు పళ్ళు తిన్నట్టు నల్లబడ్డాయి, దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. తువ్వాళ్ళు లాకర్‌లో. లాకర్ తాళం మా ఆయన చేతికి. ఆయన పెద్ద జారుడు మెట్ల మీద, లైనులో, ఎక్కడో పైన. అత్తయ్య కొంగు చుట్టి వాణ్ణి గుండెకి అదుముకున్నారు. నాకు ఇంకేం తోచక బాత్రూముకి పరిగెత్తి, చేతులు ఆరబెట్టే మెషిన్ కింద వాణ్ణి నిలబెట్టా. అది ఆగుతుంది, నేను మళ్ళీ చెయ్యి పెడతా, మళ్ళీ ఆగుతుంది. ఇరవై నిమిషాలు అలాగే. వెనక చేతులు కడుక్కున్న ఆడవాళ్ళంతా తడి చేతులతో నిలబడి చూస్తున్నారు. వాడికి రెండు రోజులు జ్వరం. తగ్గాక, పార్కులో ఏది బాగుందిరా అని తాతయ్య అడిగితే, "వేడి గాలి మెషిన్" అన్నాడు.

అందుకే అంటున్నా, చిన్నపిల్లలతో వెళ్ళేటప్పుడు ఈ పైసా వసూల్ బుద్ధి గేటు బయటే వదిలేసి వెళ్ళాలి. టికెట్‌లో అన్నీ ఉన్నాయి కాబట్టి అన్నీ ఎక్కాలి, తెరిచినప్పుడు వెళ్ళి మూసేదాకా ఉండాలి అని ఏ చట్టంలో ఉంది? పెళ్ళి భోజనంలో కూడా ఇదే మన రోగం, అరిగినా అరక్కపోయినా విస్తట్లో అన్నీ పడాలి. ఆఫీసులో ఒకాయన మేం ఒక్క రోజులో పాతిక రైడ్లు ఎక్కామండీ అని గొప్పగా చెప్పాడు. ఆయనకి పిల్లల్లేరు.

ఇక ఆ ఆఖరి వారమే ఎందుకు అంత జనం అంటే కారణాలు అందరికీ తెలిసినవే. మనూళ్ళో సంక్రాంతికి వారం పైన సెలవలిస్తే, బెంగళూరు స్కూళ్ళలో పండక్కి ఒక్క రోజు. ఇక్కడి పిల్లలకి చలికాలం సెలవలంటే క్రిస్మస్ వారమే. పైగా చాలామంది ఐటీ వాళ్ళకి మిగిలిన లీవులు మురిగిపోయేది డిసెంబర్ 31కే. పిల్లల సెలవలు, పెద్దల లీవులు ఒకే వారంలో పడ్డాక ఊరు మొత్తం అక్కడే ఉంటుంది. మధ్యలో మనం నిలబడి "అబ్బా ఎంత రష్షో" అంటాం, మనమే ఆ రష్షు అయ్యుండి.

చలి సంగతి కూడా తేలిగ్గా తీసేస్తారు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబర్‌లో రాత్రి 15, 16 డిగ్రీలకి పడుతుంది, పగలు ఎండ బాగానే కాస్తుంది. ఆ ఎండ చూసి మనం మోసపోతాం, రాత్రంతా చల్లబడ్డ నీళ్ళు అంత త్వరగా వేడెక్కవు. పెద్దవాళ్ళకంటే పిల్లల ఒంట్లో వేడి తొందరగా పోతుంది, బక్కపిల్లలకి మరీను. మా చెల్లి చెన్నైలో ఉంటుంది, దానికి ఇంకో రకం తలనొప్పి. అక్కడ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. 2015లో వరదొచ్చింది డిసెంబర్ మొదట్లోనే, 2023లో మిచాంగ్ తుఫాను కూడా అప్పుడే. అందుకే చెల్లి అడ్వాన్సుగా టికెట్లు కొనడం మానేసి, పొంగల్ సెలవలు అయ్యాక ఒక మామూలు రోజు చూసుకుని పార్కులుండే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు వెళ్తుంది. మా ఇంట్లో తెలివంతా దానికే వచ్చింది.

ఇప్పుడు నా ప్లాను. డిసెంబర్ రెండో వారం, మంగళవారం. అవును, స్కూలు మానిపిస్తున్నా. రెండో క్లాసు పిల్ల ఒక్క రోజు వెళ్ళకపోతే దేశం మునిగిపోదు. మామూలు రోజుల్లో స్కూలు పిక్నిక్ బస్సులు వస్తాయి నిజమే, కానీ ఆ పెద్ద పిల్లలంతా అరుచుకుంటూ పెద్ద రైడ్ల వైపే పోతారని నా నమ్మకం. ఈసారి చోటు కూడా వేరు, మైసూరు రోడ్డులో బిడది దగ్గరున్న వండర్‌లా పార్కు. 2005 నుంచి ఉంది, ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుండి మేమింకా చూడలేదు. నగరం నుంచి 28 కిలోమీటర్లు అంటారు, ఊరికి ఇటు చివర కుందలహళ్ళిలో ఉండే మాకు ఇంచుమించు రెట్టింపు. అందుకే కారు తీయట్లేదు. 2023 అక్టోబర్ నుంచి పర్పుల్ లైన్ మెట్రో బిడది వైపున్న చల్లఘట్ట దాకా పోతోంది, మా స్టేషన్‌లో ఎక్కితే మారే పని లేదు, అక్కడ దిగి క్యాబ్. చిన్నోడికి మెట్రో కిటికీ ఇస్తే సగం పార్కు అక్కడే అయిపోతుంది. ముందు బిడదిలో తట్టె ఇడ్లీ తింటాం. పన్నెండు దాకా పొడి రైడ్లు, పన్నెండు నుంచి రెండు దాకా నీళ్ళు, రెండున్నరకి బయట. ఏది మిగిలితే అది మిగిలింది. తువ్వాళ్ళు లాకర్‌లో పెట్టం, మామయ్యగారి బెంచీ మీద ఉంటాయి.

"రెండున్నరకే వచ్చేస్తే టికెట్ దండగ కదా" అంటున్నారు మా ఆయన ఇప్పటికీ. దండగే. పోయినేడు సాయంత్రం ఆరింటి దాకా ఉండి లాభపడిందేంటో చెప్పమన్నా, చెప్పలేదు.

నిజానికి చిన్నోడి వరకైతే ఇదంతా కూడా అక్కర్లేదు, కబ్బన్ పార్కు బాలభవన్‌లో కాసేపు ఆడించి ఒక మొక్కజొన్న కండె కొనిస్తే వాడి పండగ అయిపోతుంది. బన్నేరుఘట్ట జూ అన్నా సరే, కాకపోతే మంగళవారం సెలవు, చూసుకుని వెళ్ళండి. పెద్దదాని కోసమే ఈ తిప్పలన్నీ.

దాన్ని మాత్రం ఈసారి ముందే కూర్చోబెట్టి చెప్పా, ఏ రైడ్ ఎక్కొచ్చో ఏది కుదరదో. ఎత్తు మేమే ఇంట్లో కొలిచాం. అద్దె ఇల్లు, గోడ మీద గీత గీస్తే ఓనరు డిపాజిట్‌లో కోస్తాడని బీరువా పక్కన స్కెచ్ పెన్నుతో గీశా. 127. అది వెనక్కి తిరిగి గీత చూసుకుని, ఇంకా పదమూడు కావాలా అని వేళ్ళ మీద లెక్కేసుకుంది. పక్కన చిన్నోడు మునివేళ్ళ మీద లేచి, గడ్డం పైకెత్తి నిలబడ్డాడు, "నాదీ గియ్యి" అని. వాడి మడమలు కిందికి దించడానికి ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది.