బానిసత్వపు వాదులాటలో పుట్టిన సహజీవనం

బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు పైన బూడిద రంగులో, అడుగున నల్లగా, ఎండిన ఆకు ముక్కలా ఉంటుంది. అది ఆకూ కాదు, పువ్వూ కాదు, లైకెన్. శిలీంధ్రపు పోగుల నడుమ ఆకుపచ్చ శైవలం (నాచు) కాపురం ఉంటుంది. 19వ శతాబ్దపు శాస్త్రజ్ఞులు చాలాకాలం దాన్ని ఒకే మొక్క అనుకున్నారు.

1867లో స్విట్జర్లాండ్‌కు చెందిన సైమన్ ష్వెండెనర్ అందులో ఉన్నవి రెండు జీవులన్నారు. అంతటితో ఆగితే గొడవ కొంత తగ్గేదేమో! శిలీంధ్రం యజమాని, శైవలాలు దాని బానిసలు అని కూడా వర్ణించారు. లైకెన్లకు పేర్లు పెట్టడంలోనే జీవితం గడిపినవారికి ఇది మింగుడుపడలేదు. పారిస్‌లో స్థిరపడిన విలియం నైలాండర్ చివరిదాకా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో జేమ్స్ క్రోంబీ, నిరంకుశ శిలీంధ్ర ప్రభువు చెరలో శైవల కన్య అంటూ 1874లో వెటకారం చేశారు. ఆ వెటకారానికి జవాబు ప్రయోగశాలలో దొరికింది. 1877లో వృక్షశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ స్టాల్ శిలీంధ్ర బీజాలను, శైవల కణాలను కలిపి లైకెన్‌ను పెంచి చూపించారు.

అసలు మలుపు తిప్పినది జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఫ్రాంక్ అని నా అభిప్రాయం. ఎవరిది పైచేయో తేలకముందే పేరులో తీర్పు ఇరికించకూడదని, కలిసి బతకడాన్ని మాత్రమే సూచించే ‘సహజీవనం’ అనే అర్థమిచ్చే పదాన్ని 1877లో ఆయన ప్రతిపాదించారు. మరుసటి ఏడాది జర్మనీలోని కాసెల్‌లో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో మరో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ దానికి ప్రచారం తెచ్చారు, ఖ్యాతీ ఆయనకే దక్కింది. ఆయన నిర్వచనం చాలా పొట్టిది: వేర్వేరు జాతుల జీవులు కలిసి బతకడం. లాభనష్టాల ఊసు లేదు. పరాన్నజీవనం కూడా అందులో ఒక రకమే.

ఆయన చూపిన ఉదాహరణల్లో అజొల్లా ఒకటి. నీటిపై తేలే ఈ చిన్న ఫెర్న్ ఆకు గదుల్లో నీలి ఆకుపచ్చ నాచు ఉంటుంది. అది గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందనే మన రైతులు అజొల్లాను వరి మడుల్లో పెంచుతున్నారు. అప్పటికి డి బారీకి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. చిక్కుడు జాతి మొక్కల వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా స్థిరీకరిస్తాయని జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్‌రీగెల్ ప్రకటించిందే 1886లో. లాభం రుజువైతేనే సహజీవనం అని పట్టుబట్టి ఉంటే, అజొల్లా ఆ జాబితాలోకి వచ్చేదే కాదు.

మన పాఠాల్లో మాత్రం చాలాచోట్ల సహజీవనమంటే పరస్పర ప్రయోజనమే. దానికి బెల్జియం శాస్త్రజ్ఞుడు వాన్ బెనెడెన్ 1870లలోనే మ్యూచువలిజం అని వేరే పేరు పెట్టారు. రెంటినీ కలిపేయడంతో ప్రకృతిలో అంతా స్నేహమేనన్న తీపి కథ మిగిలింది. 2003లో వెలువడిన ఒక ప్రయోగంలో సోయా వేళ్ల చుట్టూ నత్రజనికి బదులు ఆర్గాన్ నింపి, బుడిపెల్లోని బాక్టీరియా పని ఆపించారు. మొక్క చూస్తూ ఊరుకోలేదు. ఆ బుడిపెలకు ఆక్సిజన్ సరఫరా తగ్గింది, లోపలి బాక్టీరియా సంతతీ తగ్గింది. పని చేసినంతకాలమే పోషణ అనే ఈ ఏర్పాటును పాఠ్యపుస్తకపు లాభనష్టాల పట్టికలో ఏ గడిలో రాయాలి? డి బారీ నిర్వచనానికైతే ఆ ఇబ్బంది లేదు.